ఏప్రిల్ పన్నెండు పిల్లలు

శాంతిరాజు సారుకు ఏడాదిలో ఒక్క రోజంటేనే ప్రాణం. అది ఏప్రిల్ పన్నెండు. మిగతా రోజులన్నీ ఆయన లెక్కలో ఏదో రావాలి గనుక వచ్చి పోయేవి. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో, రిటైరయ్యాక పదహారేళ్ళుగా ఆయన కాపురం ఉంటున్న ఇంట్లో, అట్ట వేసిన పొడుగాటి నోటుబుక్కు ఒకటి ఉంది. ఏప్రిల్ పన్నెండున ప్రపంచంలో ఏయే ఏడు ఏమేం జరిగిందో తప్ప అందులో మరో ముక్క ఉండదు.

భూమి తిరుగుతుందన్న పాపానికి గెలీలియోను చర్చి పెద్దలు మొదటిసారి కూర్చోబెట్టి ప్రశ్నలేసింది 1633లో ఆ రోజునే. బానిసల విషయంగా రెండుగా చీలిన అమెరికా తనమీద తాను ఫిరంగి పేల్చుకుంది 1861లో ఆ రోజునే. పోలియో టీకా పనిచేస్తుందని 1955లో ప్రకటించిందీ, 1961లో మనిషి మొదటిసారి భూమిని వదిలి చుట్టూ తిరిగి వచ్చిందీ, ఆ తర్వాత సరిగ్గా ఇరవై ఏళ్ళకు మొదటి స్పేస్ షటిల్ పైకి లేచిందీ, అన్నీ ఆ రోజే. సారు అక్క రెబెకాకు మూడో ఏట పోలియో వచ్చి కాలు పోయింది. ఆ టీకా సంగతి వాళ్ళింటికి తెలిసేసరికి ఆమె చంకకర్రతో నడవడం నేర్చేసుకుంది. మనిషి ఆకాశంలోకి పోయాడన్న వార్తను సారు తొమ్మిదేళ్ళప్పుడు మిషన్ హాస్టల్ రేడియోలో విన్నాడు. ఆ రెండూ ఒకే తేదీన జరిగాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసినప్పుడు, ఆ తేదీలో ఏదో ఉందని ఆయనకు గట్టిగా అనిపించింది. దేవుణ్ణి నమ్మిన మనిషే గాని, తేదీల దగ్గరికొచ్చేసరికి కొంచెం తేడాగా ఉండేవాడు.

తన పిచ్చి తన ఇంట్లో పెట్టుకుని ఉంటే మనకు కథ లేదు. డెబ్భై ఒకటిలో ఆయనకు గుడుపల్లె దగ్గర ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. ఒకే గది బడి, ఒకే అయ్యవారు. జూన్‌లో పిల్లల్ని చేర్చడానికి తండ్రులు వచ్చేవాళ్ళు. పుట్టిన తేదీ అడిగితే తల గోక్కునేవాళ్ళు. “మీరే ఏదో ఒకటి ఏసుకోండి సార్” అనేవాళ్ళు. చుట్టుపక్కల హెడ్మాస్టర్లు అలాంటి పిల్లలందరికీ జూలై ఒకటి వేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఏమీ జరగని రోజున పసిపిల్లల్ని పుట్టించడానికి శాంతిరాజు సారుకు మనసొప్పలేదు. ఏప్రిల్ పన్నెండు వేశాడు. ఒకరికి వేశాడు, ఇద్దరికి వేశాడు, ఆ పల్లెలో ఉన్న ఇరవై ఒక్క ఏళ్ళలో మొత్తం నూట అరవై మూడు మందికి వేశాడు. సంవత్సరం మాత్రం అయిదేళ్ళు వెనక్కి లెక్కపెట్టి రాసేవాడు. ఎనిమిదేళ్ళవాడు వచ్చినా అయిదేళ్ళే, ఎందుకంటే ఒకటో తరగతికి అయిదేళ్ళుండాలి.

ప్రతి ఏటా ఏప్రిల్ పన్నెండున బడిలో అందరికీ ఒకేసారి పుట్టినరోజు. సారు సొంత ఖర్చుతో బొరుగులు, బెల్లం పంచేవాడు. మీరంతా గొప్ప రోజున పుట్టినారు, మీరు గూడా ఏదో ఒకటి చేస్తారు అని చెప్పేవాడు. పిల్లలు బెల్లం అయిపోయేదాకా నమ్మేవాళ్ళు. తర్వాతెప్పుడో ఆ ఊళ్ళో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు, వరసగా అందరికీ ఒకే తేదీ వస్తుంటే కంప్యూటరు చెడిపోయిందనుకుని ఆపరేటరు రెండుసార్లు ఆపి మళ్ళీ వేశాడట. ఈ మాట సారు చెవిన పడితే ఆయన సిగ్గుపడాల్సింది పోయి, హన్నాకు చెప్పి మురిసిపోయాడు. హన్నా ఆయన భార్య, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె నవ్వలేదు.

పోయిన జూన్ నెలలో ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు ఆ ఇంటి గేటు తీశారు. ఒకామె మునెమ్మ, డెబ్భై అయిదేళ్ళ మనిషి. ఆ పల్లెలోనే పుట్టి, మేనమామనే చేసుకుని, ఆ పల్లెలోనే ఉండిపోయింది. రెండో ఆమె ఆమె కూతురు ఇందిరమ్మ, రామకుప్పం పక్క ఒక ఊరికి కోడలుగా పోయి రాగి పండించుకుంటోంది. సారు ఇందిరమ్మను గుర్తుపట్టాడు. ఎనభై ఆరులో అన్న వెంకటేశులు, ఈమె ఒకే రోజు ఒకటో తరగతిలో చేరారు. ఇద్దరికీ 1981 ఏప్రిల్ పన్నెండే వేశాడు. షటిల్ లేచిన రోజు.

కూర్చోమంటే కూర్చోకుండా ఇందిరమ్మ సంగతంతా చెప్పింది. వెంకటేశులు పుంగనూరులో పాలవ్యాను నడిపేవాడు. రెండేళ్ళ కింద కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇప్పుడు గుండెకు కూడా నీరు పట్టింది, రెండు నెలల్లో కిడ్నీ మార్చకపోతే ఆ తర్వాత మార్చినా లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. తన కిడ్నీ ఇస్తానని ఇందిరమ్మ ముందుకొచ్చింది. రక్తపరీక్షలన్నీ సరిపోయాయి. కాగితాలు సరిపోలేదు. అన్నాచెల్లెళ్ళమని చెప్పుకుంటున్నవాళ్ళిద్దరూ ఒకే రోజు పుట్టారేమిటి, కవలలా అని ఆసుపత్రి కమిటీ అడిగింది. కాదు, అన్న రెండేళ్ళు పెద్ద అని ఇందిరమ్మ ఉన్నమాట చెప్పింది. మరి ఈ కాగితం ఏమిటన్నారు. సాక్షులుగా ఊరివాళ్ళిద్దరిని తీసుకుపోతే, వాళ్ళ ఆధార్ కార్డుల్లోనూ ఏప్రిల్ పన్నెండే. నాలుగు కాగితాలు, ఒకటే తేదీ. కిడ్నీలు కొని చుట్టరికాలు పుట్టించేవాళ్ళు దొంగ కాగితాలు అచ్చేయించడం కమిటీవాళ్ళు చూసినదే. ఇది కూడా ఎవడో ఒకే చోట కూర్చుని తయారుచేసిన సరుకే అనుకున్నారు. విచారించి రిపోర్టు పంపమని కుప్పం ఆర్డీవోకు రాశారు. రిపోర్టు వచ్చేదాకా ఆపరేషన్ లేదు.

“మీరు ఏసిన తారీకే సార్, మా అన్న పానం మీదికొచ్చింది,” అంది ఇందిరమ్మ. గొంతులో కోపం లేదు. “మీరొచ్చి నేనే ఏసినానని చెప్తే సాలు.”

సారు వెంటనే సరేననలేదు. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. గోడ మీద ఉత్తమ ఉపాధ్యాయుడిగా కలెక్టరు చేతుల మీదుగా శాలువా కప్పించుకున్న ఫోటో ఉంది. సర్కారు రిజిస్టరులో ఇరవై ఒక్క ఏళ్ళు అబద్ధం రాశానని ఒక ఆఫీసరు ముందు నిలబడి చెప్పడం ఆయనకు భయంగా ఉంది. అంతకన్నా సిగ్గుగా ఉంది. ఆలోచించి చెబుతానని వాళ్ళను పంపబోయాడు. వంటింటి గడప దగ్గర నిలబడి విన్న హన్నా అప్పుడు నోరు తెరిచింది.

“గుండెకు నీరు పట్టినోడు ఎన్నాళ్ళుంటాడో నాకు తెలుసు. నేను సూసినాను,” అంది. “మీరు ఆలోచించేది ఏముండాది ఇందులో?”

సారు సోమవారం వస్తానన్నాడు.

సోమవారం పొద్దున ఆరు గంటల కుప్పం బస్సు ఎక్కాడు. వెంకటేశులు దగ్గరే ఉంటున్న తల్లీకూతుళ్ళు పుంగనూరు బస్టాండులో ఎక్కారు. వాళ్ళను ఎక్కించడానికి వెంకటేశులు ఎవరి స్కూటరు వెనకో కూర్చుని వచ్చాడు. ముఖం ఉబ్బి, కళ్ళు పూడుకుపోయి, నలభై ఆరేళ్ళవాడు అరవై దాటినవాడిలా ఉన్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి, “బాగుండారా సార్?” అని అడిగాడు. ఆ మాట తాను అడగాల్సింది కదా అని సారుకు తోచేలోపు బస్సు కదిలింది.

పలమనేరులో వరదరాజులు ఎక్కాడు. సారు మొదటి బ్యాచీ పిల్లవాడు. అదే పల్లె. ఇప్పుడు పలమనేరులో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. విచారణ సంగతి ఊరివాళ్ళు ఫోన్ చేసి చెబితే, సారు ఈ బస్సులో వస్తాడని కనుక్కుని సెలవు పెట్టి మరీ ఎక్కాడు. పక్కన కూర్చున్న ప్రయాణికుణ్ణి బతిమాలి లేపి, సారు పక్కన చేరాడు.

వరదరాజులు బాధ చిన్నదేం కాదు. కాగితం ప్రకారం అతను 1966 ఏప్రిల్ పన్నెండున పుట్టాడు. ఇంకా రెండేళ్ళ పది నెలల సర్వీసు ఉంది. నిజానికి బడిలో చేరేనాటికి అతనికి ఎనిమిదేళ్ళు నిండాయి. నిజం వయసు లెక్కేస్తే ఈపాటికి ఇంట్లో కూర్చోవాల్సినవాడు. సారు వెళ్ళి నేను వేసిన తేదీలన్నీ దొంగవని చెబితే, ఆ ‘అన్నీ’లో తనూ ఉన్నాడు. వీకోట దాటేదాకా అతను మెల్లగా, గొంతు పెంచకుండా ఇదే చెప్పాడు. వెంకటేశులు బాగుపడాలనే తనకూ ఉందన్నాడు. చెప్పేదేదో ఆ అన్నాచెల్లెళ్ళ వరకే చెప్పమన్నాడు, ఏదో రాతలో పొరపాటు పడిందనమన్నాడు.

“మీరు గొప్ప దినాన పుట్టినావురా అని చెప్తిరి గదా సార్. నా బతుక్కి ఆ అటెండరు పనే గొప్ప. అది గూడా తీసేయొద్దండి,” అన్నాడు.

ఇద్దరిది తప్పు, మిగతావాళ్ళది ఒప్పు అంటే ఎవరూ నమ్మరని సారుకు తెలుసు. అనుమానమే నాలుగు కాగితాల్లో ఒకే తేదీ ఉందని. మూడు వరసల ముందు మునెమ్మ కొంగు తలమీద కప్పుకుని, ముందుకే చూస్తూ కూర్చుంది. ఆమె ఇదంతా విందో లేదో తెలియలేదు.

కుప్పంలో ఆర్డీవో ముప్పై దాటని అమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది. సారుకు కుర్చీ వేయించింది. వరదరాజులు లోపలికి రాకుండా వరండాలో బల్లమీద కూర్చున్నాడు. సారు నిలబడే మాట్లాడాడు. ఒక్క ఇద్దరికి కాదు, నూట అరవై మూడు మందికీ ఆ తేదీ తానే వేశానని చెప్పాడు. ఎందుకు వేశాడో చెప్పడానికి నోటుబుక్కు తీశాడు. ఆమె రెండు పేజీలు తిప్పి, గెలీలియో దగ్గర కాసేపు ఆగి, మూసి తిరిగి ఇచ్చేసింది.

తర్వాత మునెమ్మను అడిగింది, పిల్లలు ఎప్పుడు పుట్టారో గుర్తుందా అని. మునెమ్మ తడుముకోలేదు. పెద్దవాడు కుప్పం గంగమ్మ జాతర ముగిసిన మూడోనాడు, కోళ్ళు కూసే వేళ పుట్టాడంది. బండిలో ఆసుపత్రికని బయల్దేరితే చెరువుకట్ట మీదే కాన్పయింది. మంత్రసాని పేరు చెప్పింది. కూతురు ఆ పై రెండో ఏడు రాగులు కోసేటప్పుడు, పొలం గట్టున, మధ్యాహ్నం కూడు తిన్నాక. ఆ ఏడే వాళ్ళాయన కొత్త ఎద్దుల జత కొన్నాడు. ఆర్డీవో వేళ్ళమీద లెక్కేసి, డెబ్భై తొమ్మిది మే, ఎనభై ఒకటి నవంబరు అని రాసుకుంది.

శాంతిరాజు సారు మునెమ్మ వైపు తిరిగాడు. ఈ మాట ఎనభై ఆరులోనే ఈమె చెప్పి ఉండేది. ఆ రోజు బడి దగ్గరికి ఈమె కూడా వచ్చింది, మొగుడి వెనక నిలబడింది. తాను తండ్రిని అడిగాడు, తండ్రి తెలియదన్నాడు, కలం తీసి రాసేశాడు. నూట అరవై మూడు మంది తల్లులు. ఒక్కరినీ అడగలేదు. ఎక్కడో రష్యాలో మనిషి ఎన్ని నిమిషాల్లో భూమిని చుట్టాడో ఆయనకు నోటికి వచ్చు.

ఆర్డీవో కలం కింద పెట్టింది. “సార్, మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకాన్ని రిపోర్టులో రాయలేను,” అంది. తల్లి మాట, కొడుకు ప్రాణం కోసం చెప్పిన మాటంటారు. రిటైరైన అయ్యవారి మాట, జాలిపడి చెప్పిన మాటంటారు. రిజిస్టరు తెప్పించినా అందులో ఆ తేదీ ఉందనే తప్ప అది తప్పని ఉండదు. “ఆ తేదీ వల్ల లాభం పొందినవాళ్ళెవరైనా ఒకరు, నష్టపోతానని తెలిసి కూడా నాది అబద్ధమే అని రాసిస్తే, దాన్ని ఎవరూ కాదనలేరు. అట్లాంటివాళ్ళు ఉన్నారా?”

మోకాళ్ళు లాగుతున్నాయి, బయట కూర్చుంటానని మునెమ్మ లేచి వెళ్ళింది. ఇందిరమ్మ గోడకానుకుని నిలబడి సారు ముఖం వైపు చూసింది. సారు తల వంచుకున్నాడు. అట్లాంటివాడు పది అడుగుల దూరంలో, తలుపు అవతల ఉన్నాడు. పేరు నాలుక చివరికి వచ్చింది. చెబితే ఒకడి బతుకుతెరువు పోతుంది, చెప్పకపోతే ఒకడి ప్రాణం పోతుంది. తూకం వేయడానికి కూడా అక్కర్లేని లెక్క. అయినా తానే చేతులారా వేసిన తేదీ, తానే చేతులారా తీసి వాణ్ణి ఇంటికి పంపాలి. రెండు రోజులు గడువిమ్మని గొణిగాడు. రెండు రోజుల్లో ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. ఆర్డీవో తెల్లకాగితం ఇచ్చి, అంతదాకా చెప్పింది రాసివ్వమంది. ఆ పేజీ నింపడానికి సారుకు పావుగంట పట్టింది.

సంతకం పెట్టబోతుండగా తలుపు తెరుచుకుంది. వరదరాజులు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. అటెండరు అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నాది గూడా అబద్ధమేనమ్మా,” అన్నాడు. “నాకు యాభై తొమ్మిది కాదు, అరవై రెండు. సర్వీసులో ఉండాను. రాసిస్తాను.”

దాంతో ఉద్యోగం పోవచ్చని ఆర్డీవో స్పష్టంగా చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. తెలుసునన్నాడు. పేరు, ఊరు, ఆఫీసు, కాగితం తేదీ, నిజం వయసు, అన్నీ అచ్చు సారు నేర్పిన గుండ్రటి అక్షరాల్లో రాశాడు. వరండాలోకి వచ్చాక ఇందిరమ్మ అతని కాళ్ళమీద పడబోతే పక్కకు జరిగిపోయాడు. తిరుగు బస్సులో ఎవరి పక్కనా కూర్చోకుండా డ్రైవరు వెనక సీటులో కూర్చుని, పలమనేరు రాగానే చెప్పకుండా దిగిపోయాడు.

రిపోర్టు నాలుగో రోజు వెళ్ళింది. కమిటీ ఒప్పుకుంది. జూలై చివర్లో ఆపరేషన్ జరిగింది. చెల్లెలు పదిరోజుల్లో లేచి తిరిగింది, అన్న నెలకు తేరుకున్నాడు. ఫోన్ చేసి, సొంతంగా ఉచ్చ పోస్తాండాను సార్ అని చెప్పుకుని ఏడ్చాడు. సారు కూడా ఏడ్చాడు. ఆ తేదీల వ్యవహారం మీద సారుకు ఒక నోటీసు వచ్చింది, ఆయన జవాబు రాశాడు, అంతటితో ఆగింది. వరదరాజులు విషయంలో ఆగలేదు. విచారణ జరిగి, సెప్టెంబరు నెలాఖరున అతన్ని ఇంటికి పంపేశారు. దండలు, ఉపన్యాసాలు ఏమీ లేవు. ఆఫీసువాళ్ళు నలుగురు టీ తాగించారు.

ఆ రోజు సారు పలమనేరు వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆయన మనసులో ఒక లెక్క ఉంది. మునెమ్మ మోకాళ్ళ నొప్పి వంకతో బయటికి వెళ్ళింది వరదరాజుల్ని బతిమాలడానికే అని. పావుగంట సేపు ఆ ముసలితల్లి అతని గడ్డం పట్టుకుని, కొంగు పట్టి అడుక్కుని ఉంటుందని. తాను చేయలేని పని ఆమె చేసిందని లోపల్లోపల ఆమెకు మొక్కుకున్నాడు కూడా. బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చున్నాక ఆ మాటే అన్నాడు. కన్నతల్లి అడిగితే ఎవరు కాదనగలరప్పా అన్నాడు.

వరదరాజులు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

“ఆ యమ్మ అడగలేదు సార్. అడిగింటే లేదనేసి లేచిపోయింటాను. దానికి రెడీగానే ఉంటిని,” అన్నాడు. “వచ్చి పక్కన కూసుండె. ‘వరదా, నువ్వు పుట్టిన ఏడే నేను పెద్దమనిషి అయితిని. నీ వయసు నాకు బాగా తెలుసు. ఆ ఆఫీసరమ్మ లోపల అట్లాంటోళ్ళు ఎవురన్నా ఉండారా అని అడగతాండాది. నేను నీ పేరు చెప్పను. నువ్వు బయపడి ఈడ కూసోవద్దు, పోయి యాళకు కూడు తిను’ అనింది సార్.”